వల లాగడం కూడా పనే

ఏప్రిల్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. డ్రైవాల్ పని చేసే తమ్ముడు, మన వాట్సాప్ గ్రూపులో ఉన్నవాడే. "అన్నా, నడుం పట్టేసింది. మంచం మీంచి లేవలేకపోతున్నా. రేపు పనికి పోకపోతే ఆ రోజు డబ్బులు పోతాయి. ఏం చెయ్యమంటావ్?" అన్నాడు. పనిలో ఏమన్నా బరువు ఎత్తావా అని అడిగాను. "పనిలో కాదన్నా, సేవలో" అన్నాడు.

సంగతి ఇదీ. శుక్రవారం రాత్రి వాళ్ళ కాంట్రాక్టర్ క్రూ మొత్తానికి మెసేజ్ పెట్టాడు. ఎర్త్ డే వస్తోంది కాబట్టి శనివారం కంపెనీ తరఫున సముద్రం ఒడ్డు శుభ్రం చేస్తున్నాం, పొద్దున ఆరింటికల్లా అందరూ యార్డు దగ్గర ఉండాలి, టీషర్టులు ఇస్తాం, లంచ్ మాది. రాననడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? వచ్చే వారం ఎవరిని ఏ సైటుకి పంపాలో, ఎవరికి ఎన్ని గంటలు ఇవ్వాలో చూసేది ఆ మెసేజ్ పెట్టినాయనే. తొమ్మిది మంది వెళ్ళారు. కంపెనీ వ్యానులో రెండున్నర గంటలు ప్రయాణం. ఒడ్డున ఇసుకలో సగం కూరుకుపోయిన పెద్ద వల. పైకి కనిపించేది మంచమంత ఉంటుంది, లాగితే లోపల్నుంచి వస్తూనే ఉంటుంది. తడి ఇసుక నిండిన వల బరువు లాగినవాడికే తెలుస్తుంది. చేతులకి గ్లవ్స్ సరిపడా లేవు, కొయ్యడానికి కత్తి ఒక్కటే. నాలుగు గంటలు లాగారు. అందరూ టీషర్టులు వేసుకుని వల ముందు నిలబడితే ఫొటో తీశారు. ఆ ఫొటో సాయంత్రానికే కంపెనీ పేజీలో ఉంది.

సోమవారం పొద్దున ఫోన్ చేసి నడుం సంగతి చెప్పి, శనివారం గంటల గురించి అడిగితే, "అది వాలంటరీ కదా, దానికి జీతం ఏంటి, ఇన్సూరెన్స్ ఏంటి" అన్నారట.

ఆ జవాబు తప్పు. అది మంచి పని కాబట్టి జీతం అడగడం సిగ్గుచేటు అని మనవాళ్ళలో కూడా కొందరు అనుకుంటున్నారు. మన మీటింగులో ఒకాయన, "సముద్రాన్ని బాగు చేసినందుకు కూడా లెక్క కడతారా?" అని అడిగాడు. కట్టాలి. ఎందుకు కట్టాలో చెప్పాలంటే ముందు ఆ వల సంగతి, దాన్ని నిజంగా సముద్రంలోంచి తీసిన వాళ్ళ సంగతి చెప్పాలి.

సముద్రంలో పోయిన వల ఊరుకోదు. జాలరి లేకపోయినా అది చేపల్ని పడుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడివాళ్ళు దీన్ని ఘోస్ట్ నెట్ అంటారు, దెయ్యం వల. ఒక చేప చిక్కుతుంది, చస్తుంది. ఆ చచ్చిన చేప వాసనకి పీత వస్తుంది, అదీ చిక్కుతుంది. వాటి కోసం నీళ్ళలో మునిగి వేటాడే పక్షి వస్తుంది. వల ఖాళీ అయ్యేది లేదు. మన తాతల కాలంలో వలలు నూలుతోనో జనపనారతోనో అల్లేవాళ్ళు. పోయినా కొన్నాళ్ళకి కుళ్ళిపోయేవి. 1950ల తర్వాత నైలాన్ వచ్చింది. నైలాన్ వల గట్టిది, తేలిక, ఎండబెట్టే బాధ తక్కువ. కానీ నీళ్ళలో అది దశాబ్దాల పాటు అలాగే ఉంటుంది.

వల పారేసుకోవాలని ఏ జాలరీ అనుకోడు. మనలో శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి చెప్పక్కర్లేదు. వల అంటే అప్పు. సావుకారి దగ్గర తెచ్చిన డబ్బుతో కొన్న వల రాయికి తగులుకుని తెగిపోతే, లేదా పెద్ద ట్రాలర్ దాని మీదుగా వెళ్ళి చీల్చేస్తే, ఆ ఇంట్లో ఆ ఏడాది లెక్క తలకిందులే. పోయిన వల గురించి జాలరిని ముద్దాయిని చేసి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. చలికాలంలో మన ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళు చూసి అందరం అయ్యో అంటాం. వల పోగొట్టుకున్నవాడి ఇంటికి వెళ్ళి అయ్యో అన్నవాళ్ళు తక్కువ.

మనం ఉంటున్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఈ విషయంలో ప్రపంచం చెప్పుకునే పని జరిగింది. సియాటెల్ పక్కనుంచి కెనడా సరిహద్దు దాకా ఉన్న లోపలి సముద్రం, ప్యూజెట్ సౌండ్, ఒకప్పుడు సాల్మన్ వేటకి పెద్ద పేరు. 1970లు, 80లలో వందల పడవలు నైలాన్ వలలు వేసేవి. అడుగున రాతి దిబ్బలు ఎక్కువ. వలలు తగులుకునేవి, తెగేవి, అక్కడే ఉండిపోయేవి. 2002లో నార్త్‌వెస్ట్ స్ట్రెయిట్స్ అనే సంస్థ వాటిని తీయడం మొదలుపెట్టింది. ఇప్పటికి 5,800 పైచిలుకు వలలు తీశారు. 105 అడుగుల లోపు లోతులో ఉన్నట్టు తెలిసిన పాత వలలు 2015 నాటికి దాదాపు అన్నీ బయటికి వచ్చేశాయి. అంతకన్నా లోతువాటికి మనిషిని పంపకూడదని, మర యంత్రాల్ని దింపారు.

మొదట్లో తీసిన 870 వలల్లో ఏమేం చిక్కుకున్నాయో శాస్త్రవేత్తలు లెక్క కట్టి 2010లో ప్రచురించారు. పీతలూ నత్తలూ లాంటి వెన్నెముక లేనివి 31,278. చేపలు 1,036. పక్షులు 514. సీల్ లాంటి పాలిచ్చే జంతువులు 23. పక్షుల్లో గానీ, ఆ జంతువుల్లో గానీ ఒక్కటీ ప్రాణంతో దొరకలేదు. అదీ వల పైకి తీసిన రోజున అందులో ఉన్న లెక్క మాత్రమే. అంతకుముందు ముప్ఫై ఏళ్ళలో చిక్కి, చచ్చి, కరిగిపోయినవి ఎవరికి తెలుసు?

నాది కామర్స్ డిగ్రీ, పద్దు చూడందే నమ్మకం కుదరదు. దానికీ లెక్క ఉంది. అదే 2010లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఒక్క వల పదేళ్ళు నీళ్ళలో ఉంటే 4,368 డంజినెస్ పీతల్ని తినేస్తుందని, వాటి విలువ 19,656 డాలర్లని, ఆ వల తీయడానికి అయ్యే ఖర్చు 1,358 డాలర్లని అందులో తేల్చారు. రూపాయి పెడితే పద్నాలుగు రూపాయలు మిగిలే బేరం. మన ఊరి కిరాణా కొట్టులో ఇలాంటి బేరం దొరికితే ఎవరూ వదలరు.

కానీ నేను ఆగింది 1,358 దగ్గర. ఆ అంకె సున్నా కాదు. ఎవరో టీషర్టు ఇచ్చి, శాండ్‌విచ్ పెట్టి తీయించిన వలలు కావవి. ఆ డబ్బులో పడవ ఉంది, డీజిల్ ఉంది, డైవర్ల కూలి ఉంది. దిగింది ఆ వృత్తిలో శిక్షణ ఉన్న డైవర్లు. పై పడవ నుంచి గొట్టంలో గాలి వస్తుంది. అలా పైనుంచి గాలి అందుకునే డైవర్‌కీ పై మనిషికీ మధ్య రెండువైపులా మాట్లాడుకునే సౌకర్యం ఉండి తీరాలని ఫెడరల్ ఓషా రూలు. డైవర్ అడుగున వల పట్టు ఎక్కడ ఉందో చూసుకుంటూ చేత్తో కోసుకుంటూ విడదీస్తాడు. ఎన్నో ప్రాణుల్ని మింగిన వల మనిషిని వదులుతుందా? అందుకే అన్ని జాగ్రత్తలు. 2009లో, దేశమంతా ఉద్యోగాలు పోతున్న కాలంలో, ఉపాధి కోసం ఒబామా ప్రభుత్వం తెచ్చిన ప్యాకేజీ నుంచి ఈ పనికి 46 లక్షల డాలర్లు వచ్చాయి. పిలిచింది సముద్రం కోసం, లెక్క రాసింది ఉపాధి పద్దులో. రెండింటికీ తగువు లేదు.

అక్కడే ఇంకో సంగతి కూడా నాకు నచ్చింది. వల పోతే 24 గంటల్లో చెప్పాలని 2012లో రాష్ట్రం చట్టం చేసింది. చెప్పినవాణ్ణి పట్టుకుని జరిమానా వేయడం మాత్రం లేదు. ఎక్కడ పోయిందో చెప్పు చాలు, తీసే పని మేం చూస్తాం అంటారు. దాంతో జనం చెబుతున్నారు. మన సైట్లలో చూడండి. నిచ్చెన మెట్టు విరిగిందని చెప్పినవాడిని "నువ్వే విరగ్గొట్టావా?" అని అడుగుతారు. ఇక రెండోసారి ఎవడు చెబుతాడు? ఆ విరిగిన మెట్టు మీదే ఎవడో ఒకడు కాలు పెడతాడు.

దేశానికి ఆ చివర ఇంకా మంచి ఉదాహరణ ఉంది. వర్జీనియాలో చీసాపీక్ బే అని పెద్ద అఖాతం, నీలిపీతలకి ప్రసిద్ధి. అక్కడ దెయ్యాలయింది వలలు కావు, పీతలు పట్టే తీగ బోన్లు. తాడు తెగి అడుగున ఉండిపోయిన బోను కూడా వలలాగే పీతల్ని పట్టి చంపుతూనే ఉంటుంది. 2008లో పీతల సంఖ్య బాగా పడిపోయింది. చలికాలం వేటని ప్రభుత్వం మూసేసింది. ఆ నాలుగు నెలల సంపాదన మీద బతికే కుటుంబాలు ఏమవ్వాలి? కేంద్రం దాన్ని విపత్తుగా ప్రకటించి డబ్బు ఇచ్చింది. అప్పుడు రాష్ట్రం ఏం చేసిందంటే, వేట లేక ఒడ్డున కూర్చున్న ఆ జాలర్లనే పిలిచింది. వాళ్ళ పడవలే, వాళ్ళ చేతులే. అడుగున ఏముందో చూపించే సోనార్ పరికరాలు ఇచ్చి, వాడటం నేర్పి, డబ్బు ఇచ్చి పోయిన బోన్లు తీయించింది. ఆరు చలికాలాల్లో 34,408 బోన్లు తీశారు. ఖర్చు సుమారు 42 లక్షల డాలర్లు. దాని వల్ల అదనంగా పడిన పీతల విలువ 2 కోట్ల 13 లక్షల డాలర్లని 2016లో లెక్క తేలింది. పట్టు 27 శాతం పెరిగింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది డాలర్లు కాదు. సముద్రం ఎవరికి బాగా తెలుసో వాళ్ళనే అడిగారు. అడిగినప్పుడు, "ఇది మీ సముద్రమే కదా, ఊరికే తీయండి" అనలేదు. అనడానికి వీలుంది కూడా. బోన్లు వాళ్ళవే, పీతలు పెరిగితే లాభమూ వాళ్ళకే. అయినా రోజు పనికి రోజు డబ్బు ఇచ్చారు. ఆ మర్యాదలోనే పని సాగింది. ఎవరి లాభం ఎవరిదైనా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాడు లాగిన చేతికి ఆ రోజు కూలి అందాలి.

అందకపోతే ఎలా ఉంటుందో కూడా ఈ దేశంలోనే చూడొచ్చు. ఉత్తర పసిఫిక్ మహాసముద్రంలో ఎక్కడెక్కడో పోయిన వలలు తేలుతూ వచ్చి హవాయి దీవుల పగడపు దిబ్బలకి చుట్టుకుంటాయి. ఎవరి వలో, ఏ దేశపు పడవదో తెలియదు. హోనలులు రేవులో ట్యూనా, కత్తిచేపలు వేటాడే పొడవుతాడు పడవలు ఉన్నాయి. వాళ్ళు వాడేది వల కాదు, గాలాలు కట్టిన తాడు. అయినా దారిలో కనిపించిన దెయ్యం వలల్ని పడవలోకి లాక్కుని రేవుకి తెస్తారు. దాని కోసం రేవులో పెద్ద తొట్టి పెట్టారు. ఆ వలల్ని ముక్కలు చేసి, ఓహు దీవిలో చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటుకి పంపుతారు. చదివితే చాలా ముచ్చటగా ఉంటుంది. ఎవరో పారేసుకున్న వలతో ఎవరి ఇంట్లోనో దీపం.

ఆ పడవల మీద కూలీలు ఎవరు? 2016లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు అది బయటపెట్టారు. ఆగ్నేయాసియా నుంచీ పసిఫిక్ దీవుల నుంచీ తెచ్చిన సుమారు 700 మంది. చట్టంలో ఉన్న ఒక మినహాయింపు అడ్డుపెట్టుకుని వీసా లేకుండా పనిలో పెట్టారు. వీసా లేదు కాబట్టి నేల మీద కాలు పెట్టకూడదు. అమెరికా రేవులో, అమెరికా పడవలో, అమెరికా హోటళ్ళకి చేపలు పట్టేవాళ్ళు నెలలు, కొందరు ఏళ్ళ తరబడి పడవ దిగలేదు. కొందరికి గంటకి 70 సెంట్లు పడింది. అంటే సముద్రంలోంచి వలని పైకి లాగే మనిషి ఆ వలని తొట్టిలో వేయడానికి పది అడుగులు ఒడ్డు మీద నడవడానికి కూడా హక్కు లేనివాడు. వల ఒడ్డుకి చేరింది, మనిషి చేరలేదు. ఈ వలల గురించి రాసే పత్రికల్లో తొట్టి ఫొటో ఉంటుంది. ఈ మనుషుల ఫొటో ఉండదు.

మన తమ్ముడి పరిస్థితి అంత ఘోరమేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ జాతి ఒకటే. పని గొప్పది అని చెప్పి, చేసినవాడిని లెక్కలోంచి తీసేయడం.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఎర్త్ డే ఏటా వస్తుంది, దీపావళి మేళాకి కుర్చీలు మోయడమూ ఏటా వస్తుంది.

ఫెడరల్ లేబర్ డిపార్ట్‌మెంట్ రూల్స్‌లో 785.44 అని ఒక సెక్షన్ ఉంది. చిన్నదే, నాలుగు వాక్యాలు కూడా ఉండదు. దాని సారం ఇది. ప్రజాసేవ, దానధర్మం లాంటి పని అయినా సరే, యజమాని అడిగితే చేసినా, యజమాని చెప్పినట్టు, ఆయన అదుపులో చేసినా, అది పని గంటల కిందికే వస్తుంది. మామూలు పని వేళలు అయ్యాక మన ఇష్టంతో మనం చేసేది మాత్రం పని గంటలు కాదు. అంటే వల ఎంత పవిత్రమైనది అన్నది ప్రశ్న కాదు. ఎవరు రమ్మన్నారు, రాకపోతే ఏమవుతుంది, అక్కడ ఎవరు చెప్పినట్టు చేశావు, ఇవీ ప్రశ్నలు. శుక్రవారం రాత్రి మెసేజ్‌లో "అందరూ ఉండాలి" అని ఉంది. అదే జవాబు. వారంలో అప్పటికే 40 గంటలు చేసి ఉంటే ఆ శనివారం గంటలకి ఒకటిన్నర రెట్లు రావాలి. వ్యానులో వెళ్ళిన గంటలు కూడా రాసి అడగాలి.

ఇక నడుం సంగతి. వాషింగ్టన్‌లో పని దెబ్బలకి బీమా రాష్ట్రమే చూస్తుంది, ఎల్ అండ్ ఐ డిపార్ట్‌మెంట్. కంపెనీవాళ్ళు పెట్టే విందులు, ఆటలు, పిక్నిక్కుల్లో తగిలిన దెబ్బలకి మామూలుగా బీమా వర్తించదు. ఇది నిజమే, కాంట్రాక్టర్లు ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. కానీ ఆ చట్టంలోనే తర్వాత మినహాయింపు ఉంది. పని వేళల్లో జరిగినా, డబ్బు ఇచ్చినా, యజమాని వెళ్ళమని ఆదేశించినా బీమా వర్తిస్తుంది. ఆదేశించాడని కార్మికుడు నమ్మడానికి సహేతుకమైన కారణం ఉన్నా చాలు. చివరి మాట మళ్ళీ చదవండి. యజమాని నోటితో "రాకపోతే పని తీసేస్తా" అనక్కర్లేదు. అలా అనిపించేలా మెసేజ్ ఉన్నా చాలు. అసలు ఇసుకలోంచి వల లాగడం పిక్నిక్ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు, అది వేరే సంగతి.

ఇళ్ళలో పని చేసే అక్కచెల్లెళ్ళు ఇది కట్టడం పనివాళ్ళ గొడవ అనుకోవద్దు. ఈ విషయం మీటింగులో మాట్లాడుతుంటే, పిల్లల్ని చూసుకునే ఒక అక్క నెమ్మదిగా చెప్పింది. "అన్నయ్యగారూ, మా మేడం వాళ్ళు కూడా బీచ్ శుభ్రం చేయడానికి వెళ్తారు. నన్నూ తీసుకెళ్తారు. వాళ్ళు సంచీ పట్టుకుని తిరుగుతుంటే నేను చిన్నదాన్ని ఎత్తుకుని, పెద్దవాణ్ణి నీళ్ళలోకి పోకుండా చూసుకుంటూ ఉంటాను. ఆ రోజు నాకు సెలవు కింద రాస్తారు, షికారుకి తీసుకెళ్ళాం కదా అంటారు." సెలవు రోజున మన పిల్లలు కాని పిల్లల్ని సముద్రం దగ్గర కాపలా కాయడం షికారు ఎలా అవుతుంది? ఎవరో ఇద్దరు మంచి పని చేయగలిగారంటే, పిల్లల్ని ఇంకెవరో చూసుకుంటున్నారు కాబట్టే. ఆ గంటలు పని గంటలే. సియాటెల్ నగరంలో ఉన్నవాళ్ళకి 2019 జులై నుంచి గృహ కార్మికుల ఆర్డినెన్స్ ఉంది. కనీస వేతనం, మధ్యలో విరామం, తిండి విరామం దానిలో ఉన్నాయి. మీ పాస్‌పోర్టు లాంటి కాగితాలు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కూడా ఉంది. సముద్రం దగ్గర విరామం ఇచ్చారా అని అడగడం తప్పు కాదు.

మీటింగులో ఇంకో మాట వచ్చింది. "మీరూ వాలంటీరే కదా, మీరు జీతం తీసుకోవడం లేదు కదా?" న్యాయమైన ప్రశ్న. నేను ఆదివారాలు ఫారాలు నింపుతాను, ఆస్పత్రికి తోడు వెళ్తాను, ఎవరూ డబ్బు ఇవ్వరు, అడగను. నాకు ఒళ్ళు బాగోలేని ఆదివారం నేను రాను, నా ఉద్యోగానికి ఏమీ కాదు. నన్ను ఎవరూ మెసేజ్ పెట్టి ఆరింటికి రమ్మనరు. తేడా అదే. సముద్రం ఒడ్డు శుభ్రం చేయడానికి మీ అంతట మీరు వెళ్ళాలనుకుంటే తప్పకుండా వెళ్ళండి, నేనూ పిల్లల్ని తీసుకుని వెళ్ళాను, మంచి గాలి, మంచి పని. సీసాలు, ప్లాస్టిక్ ముక్కలు ఏరండి. పెద్ద వల కనిపిస్తే మాత్రం దాని జోలికి వెళ్ళకుండా ఎక్కడుందో గుర్తు పెట్టుకుని రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పండి. దానికి పనిముట్లు ఉన్నవాళ్ళు వస్తారు. ఇసుక పట్టిన వలని చేత్తో గుంజితే అది రాదు, మన నడుమే వస్తుంది.

ఇంకొందరు అన్నారు, ఇంత చిన్న విషయానికి కాంట్రాక్టర్‌తో గొడవ ఎందుకు, ఏడాదికి ఒక శనివారమే కదా అని. నాకూ గొడవ ఇష్టం లేదు. కానీ లెక్క వేసి చూడండి. తొమ్మిది మంది, ప్రయాణంతో కలిపి ఒక్కొక్కరికి తొమ్మిది గంటలు, మొత్తం 81 గంటలు. దాన్ని ఒకటిన్నర రెట్ల కూలితో గుణిస్తే ఎంతవుతుందో మీ మీ రేటు పెట్టి చూసుకోండి. ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు. అది కంపెనీ పేజీలో ఫొటోగా మారింది. అలాంటి ఫొటో కోసం ప్రకటనల కంపెనీకి డబ్బు కట్టాలి. మన కాంట్రాక్టర్ కట్టలేదు, మనవాళ్ళు కట్టారు.

తమ్ముడికి నేను చెప్పినవి చాలా మామూలు విషయాలు. శుక్రవారం మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, గ్రూపులోంచి తీసేసినా నీ దగ్గర ఉండాలి. కంపెనీ పేజీలో ఉన్న ఫొటో కూడా దాచుకో, నువ్వు ఆ రోజు అక్కడ ఉన్నావని వాళ్ళే వేసిన సాక్ష్యం అది. ఎన్నింటికి యార్డుకి వచ్చావు, ఎన్నింటికి దింపారు, ఎవరెవరు ఉన్నారు, కాగితం మీద రాసుకో. డాక్టర్ దగ్గరికి వెళ్ళగానే "ఇది పనిలో తగిలిన దెబ్బ" అని మొదటే చెప్పు. ఇంట్లో జారిపడ్డానని చెప్పకు. చాలామంది భయంతో అలా చెప్పి, తర్వాత మాట మార్చలేక ఇబ్బంది పడతారు. క్లెయిమ్ ఫారం డాక్టర్ దగ్గరే నింపొచ్చు. దెబ్బ తగిలిన ఏడాది లోపు ఆ ఫారం వెళ్ళాలి. రాని జీతానికి ఫిర్యాదు పెట్టడానికి మూడేళ్ళు టైముంది. ఇంగ్లీషు రాకపోతే దుబాసీని అడుగు, ఆ ఖర్చు నీది కాదు. వీసా, కాగితాల సంగతి ఎలా ఉన్నా ఈ రెండు హక్కులూ ఉంటాయి. ఇది మాత్రం ఎవరు కాదన్నా నమ్మొద్దు.

"వాళ్ళకి కోపం వస్తుందేమో అన్నా" అన్నాడు. రావచ్చు. అబద్ధం చెప్పలేను. అందుకే ఒక్కడివే వెళ్ళకు, ఆ తొమ్మిది మందిలో ఇంకెవరు వస్తారో అడుగు అన్నాను. ఇద్దరు వస్తామన్నారట. మిగతావాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు. వాళ్ళని తప్పుపట్టను, ఇంట్లో అద్దె కట్టాలి, ఊరికి డబ్బు పంపాలి.

మంగళవారం నేనే క్లినిక్‌కి తోడు వెళ్ళాను. ఫారంలో "దెబ్బ తగిలినప్పుడు ఏం పని చేస్తున్నారు?" అని ఒక గడి ఉంది. తమ్ముడు పెన్ను పట్టుకుని కాసేపు ఆగాడు. "అన్నా, ఇక్కడ సేవ అని రాయాలా?" అని అడిగాడు. ఏం చేశావో అదే రాయమన్నాను. "ఇసుకలోంచి వల లాగుతున్నాను, బాస్ పంపాడు" అని చెప్పాడు, నేను ఇంగ్లీషులో రాశాను, సంతకం పెట్టాడు.